ఆచార్య సత్యేంద్రనాథ బోసు: నాలుగు పుటల పరిశోధన, నలువది యేండ్ల బోధన

మా అధ్యాపకుల గదిలో తేనీటి వేళ ఒక వివాదం తరచుగా తలెత్తుతూ ఉంటుంది. అధ్యాపకుని విలువను దేనితో కొలవాలి? తరగతి గదిలో అతడు చెప్పిన పాఠంతోనా, పత్రికలలో అతడు ప్రకటించిన పరిశోధన పత్రాల సంఖ్యతోనా? పదోన్నతి దరఖాస్తుల ఋతువు వచ్చినప్పుడు ఈ వివాదం మరింత వేడెక్కుతుంది. మేము కూడ అట్టి దరఖాస్తు ఒకటి పూరించినవారమే. అందులో ప్రచురించిన వ్యాసాలకు గళ్ళున్నాయి, సభలలో పాల్గొన్నందుకు గళ్ళున్నాయి. ఛందస్సు పేరు చెబితే వెనుక బల్ల చాటున దాగిన పిల్లవాడొకడు సంవత్సరాంతానికి తానే లేచి వచ్చి నల్లబల్లపై గణవిభజన చేసి చూపినందుకు మాత్రం గడి లేదు.

ఇట్టి సందర్భాలలో మాకు గుర్తుకు వచ్చే మహనీయుడు ఆచార్య సత్యేంద్రనాథ బోసుగారు. తెలుగు పాఠం చెప్పుకొనే మాకు భౌతికశాస్త్రజ్ఞునితో పనియేమని సైన్సు శాఖలోని మిత్రులు నవ్వవచ్చును. వారే ఓపికగా కూర్చుండబెట్టి మాకు నాలుగు ముక్కలు నేర్పారు కనుకనే ఈ జీవితకథను మా విద్యార్థులకు చెప్పే సాహసం చేస్తున్నాము.

బోసుగారు 1894 జనవరి 1వ తేదీన కలకత్తా నగరంలో జన్మించారు. తండ్రి సురేంద్రనాథ బోసు ఈస్టిండియా రైల్వేలో ఉద్యోగి. తల్లి ఆమోదినీ దేవి. ఏడుగురు సంతానంలో మొదటివాడు, ఏకైక పుత్రుడు, తక్కినవారందరూ ఆడపిల్లలు. హిందూ స్కూలులో చదివే రోజులలో గణితోపాధ్యాయుడు ఒక పరీక్షలో ఆయనకు నూటికి నూటపది మార్కులు వేశారని ప్రసిద్ధి. ఇచ్చిన లెక్కలన్నీ చేయడమేగాక కొన్నింటిని ఒకటికి మించిన పద్ధతులలో సాధించినందుకు ఆ పది అదనం. నూరు దాటి మార్కు వేయడానికి నిబంధనలు ఒప్పుకొనవు. ఆ ఉపాధ్యాయుడు నిబంధనను కాక పిల్లవానిని చూశాడు.

1909లో ప్రెసిడెన్సీ కళాశాలలో ప్రవేశించిన ఆ తరగతి భారతదేశ విజ్ఞానచరిత్రలో ఒక విశేషం. మేఘనాథ్ సాహా ఆయన సహాధ్యాయి. ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఒక యేడాది ముందు తరగతివాడు. పాఠాలు చెప్పినవారిలో జగదీశచంద్ర బోసు, ప్రఫుల్లచంద్ర రాయ్ ఉన్నారు. రాయ్‌గారిని గురించి ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. పాదరసపు నైట్రైటును తయారుచేసి ఖండాంతర ఖ్యాతి గడించిన ఆ రసాయనశాస్త్రజ్ఞుడు పై తరగతులకే పరిమితం కాక, కళాశాలలో కొత్తగా చేరిన పిల్లలకు పాఠం చెప్పడాన్ని ఏరి కోరి తీసుకొనేవారు. పచ్చి కుండకే అచ్చు పడుతుందని ఎరిగినవారు గదా. నేడు ఎన్ని విశ్వవిద్యాలయాలలో పేరుమోసిన ఆచార్యుడు ప్రథమ సంవత్సరపు తరగతికి వెళ్ళుతున్నాడో చదువరులే లెక్కించుకొందురుగాక.

1913లో బి.ఎస్‌సి., 1915లో మిశ్రగణితంలో ఎం.ఎస్‌సి. రెండింటను బోసుగారిది ప్రథమ స్థానం, సాహాగారిది ద్వితీయ స్థానం. ఎం.ఎస్‌సి. చదువుతుండగానే 1914లో ఉషావతీ దేవితో వివాహం జరిగినది. చదువు ముగిసిన పిదప కొంతకాలం చేతిలో పని లేదు. ప్రైవేటు పాఠాలు చెప్పుకొన్నారు.

ఆ దశలో వారిని చేరదీసినవారు సర్ ఆశుతోష్ ముఖర్జీ. తారకనాథ్ పాలిత్, రాస్‌బిహారీ ఘోష్ అనే ఇద్దరు న్యాయవాదుల దానధనంతో ఆయన 1914లో కలకత్తాలో విశ్వవిద్యాలయ విజ్ఞానకళాశాలకు శంకుస్థాపన చేశారు. విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి.వి. రామన్‌ను ఆర్థికశాఖ కొలువు నుండి ఆచార్యపదవికి రప్పించినది ఈయనే. మన రాధాకృష్ణపండితుని తత్త్వశాస్త్ర పీఠానికి పిలిపించినదీ ఈయనే. నవీన భౌతికశాస్త్రం బోధించడానికి అనుమతి కోరిన ఇద్దరు యువకులను ఆయన కాదనలేదు. కాని ఆ శాస్త్రాన్ని వారికి నేర్పడానికి గురువెవ్వరు? ప్లాంకు, ఐన్‌స్టీన్‌ల సిద్ధాంతాలు జర్మను భాషలో ఉన్నాయి. పైగా ప్రపంచయుద్ధం వల్ల పుస్తకాలు రావడం లేదు. శిబ్‌పూర్ ఇంజనీరింగు కళాశాలలో పనిచేసే బ్రూల్ అనే యూరపు ఆచార్యుని వద్ద కొన్ని గ్రంథాలు దొరికాయి. వాటికోసం వీరు జర్మను నేర్చుకొన్నారు. ఈ రాత్రి తాము నేర్చినది రేపు తరగతిలో చెప్పడం, చెప్పగా మిగిలిన సందేహాన్ని మరునాటి రాత్రికి దాచుకొనడం, ఇదీ వారి పద్ధతి. 1920లో సాపేక్షతా సిద్ధాంతంపై ఐన్‌స్టీన్ ప్రభృతుల పత్రాలను బోసు, సాహాలు ఆంగ్లంలోకి అనువదించగా కలకత్తా విశ్వవిద్యాలయం ప్రకటించినది. విద్యార్థుల కొరకు చేసిన పని అది. దానిని పరిశోధన అందామా, బోధన అందామా?

1921లో బోసుగారు ఢాకాకు వెళ్ళారు. ఈ విశ్వవిద్యాలయ వృత్తాంతం మన కళాశాల విద్యార్థులకు తెలిసియుండడం మంచిది. 1911లో వంగవిభజన రద్దు కాగా నిరాశ చెందిన తూర్పు వంగదేశపు ముస్లిములకు ప్రభుత్వం వాగ్దానం చేసిన విద్యాసంస్థ అది. కలకత్తా విశ్వవిద్యాలయం ప్రధానంగా వందలకొలది మైళ్ళ దూరంలోని కళాశాలలకు పరీక్షలు పెట్టే యంత్రంగా మారినదని శాడ్లరు కమిషను 1919లో తేల్చినది. ఢాకాలో అట్లు కాక గురుశిష్యులు ఒకేచోట నివసించి, ఒకరినొకరు ఎరిగి, చదువుకొనే సంస్థ కావలెనని సంకల్పించారు. మూడు వసతిగృహాలతో 1921 జూలై 1వ తేదీన అది తెరుచుకొన్నది. ప్రథమ ఉపాధ్యక్షుడు ఫిలిప్ హార్టాగ్ భారతదేశం నలుమూలల నుండి యోగ్యులను ఏరి తెచ్చుకొన్నాడు. భౌతికశాస్త్రంలో రీడరుగా బోసుగారు వెళ్ళారు.

ఇక్కడనే అసలు కథ ఉన్నది.

వేడెక్కిన వస్తువు వెలువరించే కాంతి ఏ రంగులో ఎంత ఉంటుందో చెప్పే సూత్రాన్ని ప్లాంకు 1900లో కనుగొన్నాడు. సూత్రం సరియైనదే. కాని దానిని నిరూపించే మార్గంలో ఒక అతుకు ఉన్నది. సగం లెక్క పాత విద్యుదయస్కాంత సిద్ధాంతంతో, సగం లెక్క కొత్త క్వాంటం భావంతో నడుస్తుంది. మొదటి సగం శక్తి అవిచ్ఛిన్నంగా ప్రవహిస్తుందని నమ్ముతుంది, రెండవ సగం ముక్కలు ముక్కలుగా వస్తుందని నమ్ముతుంది. యూరపులోని మహామహులకు ఈ అతుకు తెలియక పోలేదు. ఐన్‌స్టీన్‌నే అది బాధించింది. బోసుగారి ఇబ్బంది మరొకటి. ఈ నిరూపణను ఆయన ఎం.ఎస్‌సి. విద్యార్థుల ముందు నిలబడి చెప్పవలసియున్నది. తనకే పొసగని మాటను పిల్లలకు ఎట్లు చెప్పడం? అధ్యాపకునిగా వారికి విశదం చేయవలసి వచ్చినందువల్లనే ఆ వైరుధ్యం తనను పట్టుకొన్నదని ఆయన పెద్దవయసులో చెప్పుకొన్నారు. తరగతిలో లెక్క చేస్తూ పొరపాటు చేయగా ఆ పొరపాటే సరియైన జవాబు నిచ్చినదని ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథ రుచిగానే ఉన్నది గాని దానికి మేము హామీ యివ్వము.

ఆయన చేసినదేమి? పాత సిద్ధాంతాన్ని పూర్తిగా వదలి, కాంతిని కణాల గుంపుగా భావించి, ఆ కణాలను గడులలో ఎన్ని విధాల అమర్చవచ్చునో లెక్కించారు. ఆ లెక్కింపులోనే కొత్తదనం. మా మిత్రులు మాకు చెప్పిన ఉపమానాన్నే ఇక్కడ పెడతాము. రెండు రూపాయి నాణేలను ఎగురవేద్దాము. రెండూ బొమ్మ పడవచ్చు, రెండూ బొరుసు పడవచ్చు, మొదటిది బొమ్మ రెండవది బొరుసు కావచ్చు, మొదటిది బొరుసు రెండవది బొమ్మ కావచ్చు. మొత్తం నాలుగు తీరులు; రెండూ బొమ్మ పడే అవకాశం నాలుగింట ఒకటి. కాని ఏది మొదటిదో ఏది రెండవదో దేవునికి తప్ప ఎవరికీ చెప్ప వీలుకానంత ఒకేరకం నాణేలైతే? అప్పుడు మిగిలేవి మూడే తీరులు. అవకాశం మూడింట ఒకటి. మన జేబులోని నాణేలు అట్లు నడుచుకొనవు, కాంతికణాలు నడుచుకొంటాయి. ఈ తేడాతో ప్లాంకు సూత్రం అతుకు లేకుండ వచ్చివేసినది. తాను ఎంత పెద్ద గోడ దాటారో బోసుగారికే ఆనాడు పూర్తిగా స్ఫురించలేదని శాస్త్రజ్ఞులు అంటారు. ఆ భావాన్ని తరువాతివారు విడమరచవలసి వచ్చింది.

వ్యాసం మొత్తం నాలుగు పుటలు. 1924 జూన్ 4వ తేదీన దానికి ఒక లేఖ జోడించి, ముఖపరిచయం లేని ఐన్‌స్టీన్‌కు పంపారు. తగినదనిపిస్తే జర్మనులోకి అనువదింపజేసి ప్రచురించమని కోరారు. ఐన్‌స్టీన్ స్వయంగా అనువదించి, ఇది గొప్ప ముందంజ అనే భావంతో ఒక టిప్పణి జోడించి, బెర్లిను పత్రికకు పంపించాడు. అంతటితో ఆగక అదే పద్ధతిని వాయువులకు వర్తింపజేసి, మిక్కిలి చల్లబరచినప్పుడు పరమాణువులు ఒకే స్థితిలోకి కూడబలుక్కొన్నట్లు చేరుతాయని సూచించాడు. డెబ్బది యేండ్ల తరువాత 1995లో అమెరికాలోని ప్రయోగశాలలలో అది ప్రత్యక్షమైనది. ఆ పనికి 2001లో నోబెల్ బహుమానం ముగ్గురికి లభించినది. ప్రకృతిలోని కణాలలో ఒక జాతికే డిరాక్ బోసుగారి పేరు పెట్టి బోసానులన్నాడు. 2012లో ప్రపంచమంతట మారుమ్రోగిన హిగ్స్ బోసానులోని బోసు మన బోసే.

ఐన్‌స్టీన్ పంపిన పోస్టుకార్డు ఒకటి చూపగానే ఢాకా అధికారులు రెండు సంవత్సరాల విదేశీ సెలవు మంజూరు చేశారు. జర్మను దౌత్యకార్యాలయం రుసుము లేకుండనే వీసా ఇచ్చినదట. పారిస్‌లో సుమారు ఏడాది ఉన్నారు. మేరీ క్యూరీ ఆయనను చూచి, ముందు ఫ్రెంచి నేర్చుకొని రమ్మని ఆంగ్లంలో హితబోధ చేసినది. తనకు ఫ్రెంచి వచ్చునని చెప్పడానికి ఆయనకు మొగమాటం అడ్డు వచ్చింది! విని ఊరుకొన్నారు. మోరిస్ డి బ్రోయీ ప్రయోగశాలలో ఎక్స్-కిరణాల పని నేర్చారు. 1925 అక్టోబరులో బెర్లిను చేరి ఐన్‌స్టీన్‌ను కలిశారు. 1926లో తిరిగి వచ్చారు.

వచ్చేసరికి ఢాకాలో ఆచార్యపదవి ఖాళీగా ఉన్నది. పరిశోధన ప్రతిష్ఠను కాగితాలతో తూచే వింత ఇక్కడ చూడవచ్చును. బోసుగారికి డాక్టరేటు లేదు. ఆ పట్టానికి పోటీ చేయాలన్న తలంపే ఆయనకు రాలేదు. మిత్రుల ప్రోద్బలంతో ఐన్‌స్టీన్ వద్ద సిఫారసు తెచ్చుకొనవలసి వచ్చింది. అయినను ఎంపిక సంఘం ప్రథమంగా పేర్కొన్నది బెర్లినులో డాక్టరేటు పొందిన దేవేంద్రమోహన్ బోసును. ఆయన రానిచో సత్యేంద్రనాథ బోసును తీసుకొనవలెనని తీర్మానం. దేవేంద్రమోహనులవారు రాలేదు. అట్లు 1927లో ఈయన ఆచార్యుడైనారు. దేవేంద్రమోహనులు చాలా యోగ్యులు. వారిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కాని ప్రపంచం ఎవరి పేరుతో లెక్కలు కడుతున్నదో ఆ మనిషే సొంత విశ్వవిద్యాలయంలో రెండవ పేరుగా మిగలడం మనస్సును కలచివేస్తుంది.

ఆ తరువాత పదునెనిమిదేండ్లు బోసుగారు ఢాకాలో ఏమి చేశారు? పత్రాలు అతి స్వల్పం. జీవితం మొత్తంలోనే ఆయన ప్రకటించినవి సుమారు రెండు డజన్లు. ఈనాటి తూకపురాళ్ళతో తూస్తే ఒక మధ్యరకం రీడరుకు కూడ చాలవు. ఆయన చేసినదంతా గోడల మధ్య జరిగినది. చేతిలో కాగితం లేకుండ తరగతిలో ప్రవేశించి, సూత్రాన్ని మొదటి నుండి నల్లబల్లపై పుట్టించేవారట. ఎక్స్-కిరణాల ప్రయోగశాలకు పరికరాలను విద్యార్థులచేతనే తయారు చేయించారు. రసాయనశాస్త్రం వారు చిక్కుముడితో వస్తే అదీ విప్పేవారు. తలుపు తట్టినవారికి వేళాపాళా లేదు. తీర్చిన సమస్య శిష్యుని పేరుతో వెలువడితే ఆయనకు అభ్యంతరం లేదు. తన కాగితాలు ఎక్కడ పారవేశారో తనకే తెలియదు.

ఢాకాలో ఆయన కింద పనిచేసిన ఖాజీ మొతాహర్ హుస్సేన్‌గారి ఉదంతం మాకు మిక్కిలి ప్రియమైనది. హుస్సేన్‌గారు భౌతికశాస్త్రం బోధించేవారు; సాహితీపరులు, చదరంగంలో దిట్ట. ఆయన మనస్సు గణాంకశాస్త్రం వైపు మొగ్గగల దని గుర్తించి బోసుగారే కలకత్తాలో మహలనోబిస్ వద్దకు పంపించారు. తన శాఖలో ఒక అధ్యాపకుడు తగ్గిపోతాడని ఆయన వెనుదీయలేదు. హుస్సేన్‌గారు తిరిగివచ్చి ఢాకాలో గణాంకశాస్త్ర బోధనకు పునాది వేశారు. 1950లో డాక్టరేటు పొందారు. వంగభాషలో విజ్ఞాన రచనలు చేసి 1981లో పరమపదించారు. ఈ గురుశిష్య బంధం ఎవరి దరఖాస్తులోను ఏ గడిలోను నమోదు కాలేదు.

విమర్శ కూడ చెప్పాలి. సాహాగారు అలహాబాదులోను కలకత్తాలోను సంస్థలు కట్టారు. రామన్‌గారు 1930లో నోబెల్ బహుమానం తెచ్చారు. మధ్య ఈ బోసుగారు ఇన్ని విషయాలలో వేలుపెట్టి, ఎస్రాజు వాయించుకొంటూ, వచ్చినవారితో కబుర్లాడుతూ తన ప్రతిభను చెల్లాచెదరు చేసుకొన్నారని ఆనాడే అన్నవారున్నారు. మేము దీనిని పూర్తిగా త్రోసివేయజాలము. 1925-26లో క్వాంటం యాంత్రికశాస్త్రం పుట్టి పెరుగుతున్న బెర్లినులోనే ఆయన ఉన్నారు. దానిలో ఆయన చేయి పడలేదు. నోబెల్ బహుమానానికి ఆయన పేరు ప్రతిపాదించబడినది గాని రాలేదు. ప్రచురించని జ్ఞానం శిష్యుల తరంతో కొంత, కాగితాలతో కొంత నశిస్తుంది. ఇది నష్టమే.

ఇంకొకటి కూడ మాబోటివారికి చేదుగా ఉన్నను చెప్పాలి. వ్రాయని బద్ధకస్థులైన అధ్యాపకులకు బోసుగారు కవచం కారు. పాత నోట్సు పసుపుపచ్చబడినా మార్చక, చదవక, చదివించక, మేము బోధకులమని రొమ్ము విరుచుకొనేవారు ఆయన పేరు ఎత్తకూడదు. ఆయన పాఠం చెప్పడానికి నేర్చుకొన్నారు. నేర్చుకొనగా అనుమానం పుట్టింది. అనుమానం నుండి ఆ నాలుగు పుటలు పుట్టాయి. మేము పైన చెప్పిన దరఖాస్తుకోసం తొందరపడి ఒక వ్యాసాన్ని డబ్బు కట్టి అచ్చు వేయించిన మాట నిజం. దానిని ఎవరూ చదివినట్లు మాకు తెలియదు. మాకు కూడ మరల చదువ బుద్ధి పుట్టలేదు.

1945లో బోసుగారు ఖైరా ఆచార్యులుగా కలకత్తాకు తిరిగి వెళ్ళారు. రెండేండ్లకు దేశం రెండైనది, ఢాకా పరదేశమైనది. కలకత్తాలో ఆయన శిష్యురాలు పూర్ణిమా సిన్హా యుద్ధానంతరం చవుకగా అమ్ముడుపోతున్న సైనిక సామగ్రిలో నుండి భాగాలు ఏరుకొని ఎక్స్-కిరణాల యంత్రాన్ని కూర్చుకొన్నారు. మట్టి ఖనిజాల నిర్మాణాన్ని దానితో పరిశోధించి, కలకత్తా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రాన డాక్టరేటు పొందిన ప్రథమ మహిళ అనిపించుకొన్నారు. తనకు లేని పట్టాను శిష్యులచేత సంపాదింపజేయడంలో ఆయనకు ఆనందమే గాని వెలితి లేదు.

మాతృభాషలో విజ్ఞానబోధ అన్నది ఆయన మలివయసు దీక్ష. 1948లో వంగీయ విజ్ఞాన పరిషత్తును స్థాపించి, జ్ఞాన్ ఓ బిజ్ఞాన్ అనే మాసపత్రికను నడిపించారు. ఉన్నతశాస్త్రానికి దేశభాష చాలదన్నవారికి సమాధానంగా 1963లో కేవలం మౌలిక పరిశోధనలతో వంగభాషలో ఒక ప్రత్యేక సంచిక వెలువరించారు. జపానుకు వెళ్ళివచ్చి, అక్కడి శాస్త్రజ్ఞులు తమ భాషలోనే చర్చించుకొనడం చూచి ఆయన మరింత పట్టుదల వహించారు. ఇది మనకు కొత్త సంగతి కాదు. మన హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లోనే ఉర్దూ మాధ్యమంతో ఆరంభమై, అనువాదశాఖ ద్వారా గణితం మొదలు వైద్యం వరకు పాఠ్యగ్రంథాలు సిద్ధం చేసుకొన్నది. ఆ అనువాదకుల శ్రమను నేడు ఎవరు పరిశోధన అంటున్నారు? ఒక సాంకేతిక పదానికి ఉర్దూలోనో తెలుగులోనో ఒదిగే మాట వెదకడం ఎంతటి పనియో చేసినవారికే తెలియును.

తక్కిన గౌరవాలు వచ్చాయి. 1952లో రాజ్యసభ సభ్యత్వం, 1954లో పద్మవిభూషణ, 1956లో విశ్వభారతి ఉపాధ్యక్షపదవి. అక్కడ విజ్ఞానశాస్త్రాలను పెంపొందించాలన్న ఆయన యత్నం నెరవేరలేదు. 1958లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1959లో జాతీయాచార్య పదవి. ఆయనకు ఇష్టమైన గౌరవం వీటికంటె ముందే లభించినది: 1937లో రవీంద్రనాథ ఠాకూరు తన ఏకైక విజ్ఞానగ్రంథం విశ్వపరిచయాన్ని ఆయనకే అంకితమిచ్చారు.

సభలలో ఆయన కన్నులు మూసుకొని కూర్చుండేవారు. నిద్రపోతున్నారనుకొనేవారు. నీల్స్ బోర్ కలకత్తాలో ఉపన్యసిస్తూ ఒకచోట ఆగి, బోసుగారి సహాయం కోరగా, కన్నులు మూసుకొనియున్న ఆయన లేచి నల్లబల్ల వద్దకు వెళ్ళి లెక్క పూర్తిచేసి, తిరిగి వచ్చి కన్నులు మూసుకొన్నారని శిష్యులు చెప్పుకొంటారు.

1974 జనవరిలో ఆయనకు ఎనుబది యేండ్లు నిండినందుకు, ఆ నాలుగు పుటలకు ఏబది యేండ్లు అయినందుకు కలకత్తాలో దేశవిదేశాల శాస్త్రజ్ఞులు కూడి ఉత్సవం జరిపారు. నెల తిరిగీ తిరగకముందే, ఫిబ్రవరి 4వ తేదీన ఆయన కన్నుమూశారు. అప్పటికి ఢాకా బంగ్లాదేశ్ రాజధాని. పరదేశమై ఇరువదియేడేండ్లు కావచ్చినను అక్కడి విశ్వవిద్యాలయం ఆయనను మరువలేదు. ఆయన పేరుతో ఒక ఆచార్యపీఠాన్ని, ఒక పరిశోధనకేంద్రాన్ని నెలకొల్పుకొన్నది.